పైన ఉండాల్సిన రంగు

"ఆ ఫోను ఇలగిచ్చెయ్ అమ్మీ. నాలుగోసారి సెప్తన్నాను," అన్నాడు కామేష్.

శాంతిప్రియ ఇవ్వలేదు. గోడకి వీపు ఆనించి, మోకాళ్ల మధ్య ఫోను పెట్టుకుని, ఆ పన్నెండు సెకన్ల ముక్కనే మళ్లీ మళ్లీ చూస్తోంది. చర్చి ముందు జెండా కర్ర. రాలుతున్న బంతి రేకులు. గాలికి విచ్చుకున్న జెండాలో పైన ఆకుపచ్చ, కింద కాషాయం. దాని కింద కోటు నిండా పతకాలతో, ఛాతీ విరుచుకుని సెల్యూట్ కొడుతున్న డెబ్బై ఏళ్ల మాజీ సైనికుడు అసిరయ్య.

నిన్న ఆదివారం, రిపబ్లిక్ డే. మధ్యాహ్నానికి ఆ ముక్కని వందమంది చూశారు. సోమవారం తెల్లారేసరికి లక్ష దాటింది. ఎక్కడెక్కడి వాళ్లో దాని కింద రాసిన మాటలు చదవడం ఇంట్లో అందరూ మానేశారు, ఈ పిల్ల తప్ప.

"ఈల్ల దేశం ఏదో ముందు అడగండి అని రాసేడు నాన్నా ఒకడు. తాత రెండు కాలివేళ్లు లద్దాఖ్ మంచులో వదిలేసి వచ్చేడని ఆడికెవరు సెప్తారు?"

"నువ్వే సెప్పు. తీసిందీ నువ్వే, స్టేటస్‌లో ఎట్టిందీ నువ్వే."

అది అనకూడని మాట. అన్నాక కామేష్‌కీ తెలిసింది. రాయగడ పేపరు మిల్లులో రాత్రి షిఫ్టు దిగి, సైకిలుకి స్టాండు కూడా వెయ్యకుండా లోపలికొచ్చిన మనిషి. కోపం వస్తే ముందు దొరికినవాళ్ల మీద పడి, ఆ తరవాత రెండు పూటలు అన్నం సయించక తిరిగే రకం. ఇప్పుడూ కూతురి మొహం చూసి తల తిప్పేసుకున్నాడు.

పొయ్యి దగ్గర కామేష్ భార్య పుష్ప టీ వడపోస్తూ అన్నీ వింటోంది. ఎవరి పక్కా మాట్లాడే ధైర్యం లేదు. నిన్నటి నుంచి ఆమెకి చేతులు చేస్తున్న పని బుర్రకి తెలియడం లేదు. టీలో చక్కెర వేసిందో లేదో కూడా జ్ఞాపకం లేదు.

జెండా విచ్చుకోగానే అందరూ చూశారు. ముందు వరసలో వాళ్లు నోళ్లు తెరిచారు. కానీ అప్పటికే అసిరయ్య గొంతెత్తి జాతీయగీతం అందుకున్నాడు. గీతం నడుస్తుండగా కదలకూడదు. ఆ మాట చర్చిలో చంటిపిల్లలకి కూడా నేర్పింది ఆయనే. అందుకని అరవైమందీ, కొత్తగా వచ్చిన పాస్టర్ గారితో సహా, తలకిందుల జెండా కింద చేతులు దించుకుని నిలబడిపోయారు. గీతం అయిన మరుక్షణం పాస్టర్ గారు పరుగెత్తి తాడు లాగి దించేశారు. కానీ మర్యాద కోసం నిలబడిన ఆ ఒక్క నిమిషమే ఇప్పుడు కావాలని చేసిన అవమానంలా కనబడుతోంది.

తాత సెల్యూట్ చూసి మురిసిపోయి, పైన ఏముందో చూడకుండానే శాంతిప్రియ ఆ ముక్కని కత్తిరించి స్టేటస్‌లో పెట్టింది. పది నిమిషాల్లో తీసేసింది. ఆ పది నిమిషాల్లో ఎవరో దాచుకున్నారు.

"పదకొండింటికి స్టేషన్‌కి రమ్మన్నారు," అన్నాడు కామేష్, గొంతు తగ్గించి. "అక్కడే కదేటి నీ వెరిఫికేషన్ కాగితం ఉంది?"

శాంతిప్రియ తలూపింది. కేంద్ర బలగాల్లో కానిస్టేబుల్‌గా ఎంపికైంది ఆ పిల్ల. మూడేళ్లు తెల్లవారకముందే లేచి మిల్లు గ్రౌండులో పరుగెత్తింది. పరీక్షా అయింది, దేహదారుఢ్యమూ అయింది. ఇంక మిగిలింది ఒక్కటే. ఊళ్లో పోలీసులు ఈ కుటుంబం మంచిదేనని, దేశానికి వ్యతిరేకమైన పని ఏదీ వీళ్ల మీద లేదని రాసి పంపాలి. ఆ రాయాల్సిన మనిషే ఇప్పుడు స్టేషన్‌కి పిలిచిన ఎస్సై.

"అయితే నాను సెప్పినట్టు ఇనండి. పాస్టర్ గారు కట్టేరని సెప్పీసీదాం. ఆయనకి ఇక్కడ ముందూ ఎనకా ఎవరూ నేరు. మాటేదైనా పడితే ఇంకో ఊరికి ఎల్లిపోతారు. ఈ ఆడగుంట బతుకు మాత్రం..."

"కట్టింది నాను."

అరుగు మీద నుంచి వచ్చింది ఆ మాట. నిన్న మధ్యాహ్నం తరవాత అసిరయ్య నోరు విప్పడం అదే మొదలు. కామేష్ గుమ్మం దాకా వెళ్లి తండ్రిని చూసి, సైకిలెక్కి వెళ్లిపోయాడు. పాస్టర్ గారిని స్టేషన్‌కి తీసుకొస్తానని వీధిలోంచి కేకేశాడు. ఏం చెప్పించడానికో చెప్పలేదు.

*

సైకిలు సందు తిరిగిందో లేదో పక్కింటి వరహాలమ్మ వచ్చింది. చేతిలో గిన్నెడు ఉప్మా. శ్రీకాకుళం పక్క పల్లె నుంచి మిల్లు కాలనీకి పుష్పకంటే పదేళ్లు ముందు కాపురానికి వచ్చిన మనిషి. వాళ్ల పెరట్లో తులసికోట చుట్టూ బంతి మొక్కలు. ప్రతి ఏడాదీ జెండాలో కట్టే పూలు అక్కడివే.

"ఏటే పుష్పా, ఆ పువ్వులు నాయే కదేటే. నాను కోసిచ్చినాయే కదా ఆ జెండాలోంచి రాల్నాయి. మరైతే నన్నూ పిలవమను ఠేసన్‌కి. నన్నూ రాసుకోమను," అంది, గిన్నె పొయ్యి గట్టు మీద పెడుతూ.

ఎవరూ ఏడవని ఆ ఇంట్లో ముందుగా ఏడ్చింది వరహాలమ్మే. పైటతో కళ్లు ఒత్తుకుని, అసిరయ్య కూర్చున్న వైపు చూసి, "అన్నయ్య ఉప్మా తినలేదంటే నాను ఊరుకోను," అని గట్టిగా చెప్పి వెళ్లింది.

పుష్ప టీ గ్లాసు పట్టుకుని అరుగు మీదికి వెళ్లింది. మామగారు కోటు మోకాళ్ల మీద పరుచుకుని పతకాలు ఒక్కొక్కటే గుడ్డతో తుడుస్తున్నాడు. నిన్న తుడిచినవే.

"మావయ్యా, టీ."

ఆయన చెయ్యి చాచాడు. గ్లాసు ఆ చేతికి అందేలా పుష్పే ముందుకి జరిపింది. ఆ సంగతి అప్పుడు ఆమె పట్టించుకోలేదు.

"ఇరవై ఆరేళ్లుగా కడతన్నాను అమ్మా," అన్నాడు అసిరయ్య. "మొదటిసారి సెర్చిలో ఒకాయన తగువేసుకున్నాడు. జెండా అయ్యేక ఆరాధనేటి, ఆరాధనయ్యేకే జెండా అన్నాడు. నానన్నాను గదా, మోకాళ్లు ఆన్చీది ఏ నేల మీదో ముందు గురుతుండాల అని. అప్పట్నుంచి కర్ర కాడే గ్రంథంలో ఓ మాట సదివి, జెండా ఎగిరేకే సెర్చి తలుపు తీస్తన్నాం. అలాటిది నా సేత్తో నానే..."

"ఎలా కట్టారు మావయ్యా? ఎక్కడ తేడా వచ్చిందో గుర్తుందా?"

"తేడా ఏటుంటాది. జెండా గొట్టంలో తాడుంటాదా, ఆ తాడు కొసకి కొయ్య ముక్కుంటాది. కొయ్య ముక్క ఉన్న ఏపు పైకి. రెండో కొస కిందికి. ఫౌజులో మొదటివారం నేర్పుతారు. సీకట్లో కూడా కట్టొచ్చు. నా సెయ్యి మరిసిపోలేదు. అదే నాకు అంతుపట్టడం నేదు."

పుష్ప అరుగు అంచు పట్టుకుని కూర్చుంది.

శుక్రవారం సాయంత్రం ఆ జెండా తన మిషను మీదే ఉంది. గొట్టం కుట్టు ఊడిపోయింది, తాడు చివికిపోయింది, కొంచెం చూడమ్మా అని ఇచ్చింది మామగారే. నాలుగు జాకెట్లు ఇవ్వాల్సిన తొందరలో ఉంది తను. పాత తాడు పీకేసింది. కొయ్య ముక్కని కొత్త తాడుకి కట్టింది. గొట్టం మళ్లీ కుట్టి, తాడు రెండో కొసకి పిన్నీసు గుచ్చి, లంగాకి బొందు ఎక్కించినట్టు ఎక్కించేసింది. లంగా బొందుకి ఏ వైపు నుంచి ఎక్కించినా ఒకటే. ఇరవై ఏళ్లలో కొన్ని వేల బొందులు ఎక్కించిన చేతులు. ఆ కొయ్య ముక్కకి ఒక వైపు ఉంటుందని ఆ చేతులకి ఎవరూ చెప్పలేదు.

"మావయ్యా," అంది. "కొత్త తాడు ఎక్కించింది నేను. కొయ్య ముక్క ఆకుపచ్చ వైపు వచ్చి ఉంటుంది. నేనే. నా వల్లే."

అసిరయ్య గ్లాసు కింద పెట్టాడు. ఆమె తిట్టు కోసం తల వంచుకుని కూర్చుంది. తిట్టు రాలేదు. తలెత్తి చూస్తే ఆయన మొహంలో నిన్నటి నుంచి లేని తెరిపి కనిపించింది.

"అదా," అన్నాడు. "అయితే నా సెయ్యి తప్పలేదన్నమాట."

ఆ మాటకి పుష్ప కూడా ఒక్క నిమిషం ఊపిరి పీల్చుకుంది. రెండో నిమిషంలో ఇంకో ఆలోచన వచ్చింది. అది తాడు సంగతికంటే ఎక్కువ భయపెట్టింది.

"చెయ్యి తప్పలేదు మావయ్యా. మరి కన్ను?"

ఆయన ఇంకో పతకం తుడవడం మొదలుపెట్టాడు.

"జెండా అంతా బల్ల మీద పరిచి, పూలు పోసి, మడిచింది మీరే కదా. కాషాయం ఏ వైపుందో, ఆకుపచ్చ ఏ వైపుందో కళ్ల ముందే ఉంది. కొయ్య ముక్క తప్పు చెప్తే కన్ను చెప్పాలి కదా. మీకు... మీకు కనపడ్డం లేదా?"

గుడ్డ పట్టుకున్న చెయ్యి పతకం మీద ఆగిపోయింది. లోపల శాంతిప్రియ ఎవరితోనో ఫోనులో మాట్లాడుతోంది. అది అయ్యేదాకా ఆగి, అసిరయ్య మెల్లగా అన్నాడు.

"మడుసులు కనపడతారు. మొకాలు కనపడవు. రంగులు బాగా ఉతికీసిన గుడ్డల్లాగ ఉన్నాయి, అన్నీ ఒకటే. రెండేళ్లయింది. ఇశాపట్నంలో సూపించుకుంటే నరం ఎండిపోయిందన్నారు. ఇంక రాదన్నారు."

"రెండేళ్లా? మరి ప్రతి ఆదివారం చర్చిలో గ్రంథం చదువుతున్నది?"

"సదవడం నేదు." ఆయన గొంతు ఇంకా కిందికి దిగిపోయింది. "నలభై ఏళ్లు సదివిన మడిసిని. కంఠతా వచ్చు. పేజీ తీస్తాను, సూసినట్టు తలాడిస్తాను, సెప్పేస్తాను. ఎవులికీ తెలీదు. దేముడికి తెలుసు. ఆయన ముందే అబద్దం ఆడతన్నాను అమ్మా, రెండేళ్లుగా."

పుష్ప ఆయన కళ్లలోకి చూసింది. ఈ మనిషి ఇంటికి పెద్ద. ఈయన ముందు పిల్లలు కాదు, కామేష్ కూడా చిన్న అబద్ధం ఆడటానికి జంకుతాడు. పెరుగు తోడుకోలేదని తను ఒకసారి అబద్ధం చెప్పి మూడు రోజులు ఈయన కళ్లలోకి చూడలేకపోయింది. ఆ కళ్లే.

"ఎందుకు చెప్పలేదు మావయ్యా?"

"సెప్తే గ్రంథం ఇంకొకళ్లకి ఇచ్చీసీవోరు. జెండా ఇంకొకళ్లు కట్టీవోరు. నాకున్నాయి ఆ రెండే." ఆయన కోటు మడత పెట్టాడు. "ఠేసన్‌లో ఈ మాట రాకూడదు. కళ్లు నేవని నువ్వు సెప్పేవంటే, ఆదివారం సెర్చిలో పిల్లలు సైతం అడుగుతారు, తాతా మరి ఎలగ సదివేవు అని. జైలుకైనా ఎల్తాను గానీ ఆ మాటకి జవాబు సెప్పలేను. ప్రభువు ఒట్లు ఎయ్యొద్దన్నాడు, మనం ఎయ్యం. ఊఁ అను సాలు."

కూతురి ఉద్యోగం మనసులో మెదులుతున్నా, ముందు కూర్చున్న ముసలాయన మొహం చూసి, పుష్ప "ఊఁ" అంది.

*

ఆటోలో ముగ్గురూ ఒకే సీటులో ఇరుక్కుని కూర్చున్నారు. మధ్యలో పుష్ప. అటు అసిరయ్య, కోటు వేసుకుని, పతకాలు పెట్టుకుని, ఎండలోకి చూస్తూ. ఇటు శాంతిప్రియ.

"అమ్మా, మొత్తం వీడియో నా దగ్గరుంది, నాలుగు నిమిషాలు," అంది శాంతిప్రియ. "ఎస్సై గారికి అదే చూపిస్తాను. ముందు తాత గ్రంథం చదివేడు, దేశం కోసం, పాలించేవాళ్ల కోసం ప్రార్థన చేసేడు. అది చూస్తే తెలుస్తాది కదా, అవమానించాలని వచ్చినోళ్లు అంత ప్రార్థన చేస్తారేటి? సూడు."

పుష్ప చూసింది. జెండా కర్ర కింద అసిరయ్య నిలబడి ఉన్నాడు. వెనక అందరూ తలలు వంచుకుని ఉన్నారు. రెండు చేతులతో గ్రంథం గుండెల దాకా ఎత్తి పట్టుకున్నాడు. పేజీ మీద చూపు నిలిపి, వరస వెంట వరస తల కదుపుతూ, గణగణమనే గొంతుతో చదువుతున్నాడు. నల్ల అట్ట కెమెరా వైపు ఉంది. అట్ట మీద బంగారు రంగు సిలువ ఎండకి మెరుస్తోంది.

సిలువ తలకిందులుగా ఉంది.

పుష్ప కళ్లు మూసుకుని మళ్లీ తెరిచింది. పొట్టి చెయ్యి కిందికి, పొడుగు చెయ్యి పైకి. అనుమానం లేదు. పుస్తకమే తలకిందులుగా పట్టుకుని ఆయన పొల్లు పోకుండా చదువుతున్నాడు. ఆమె ఫోను ఒళ్లోకి దించుకుంది. జెండా అయితే తన చేతుల పాపం. ఇది ఎవరి పాపమని చెప్పాలి?

"సూసేవా?" అంది శాంతిప్రియ. కూతురి చూపంతా తాత మొహం మీదే ఉంది, అట్ట మీద లేదు.

"చూశాను."

"ఏటి సూస్తన్నారు?" అని అడిగాడు అసిరయ్య.

"నిన్నటిదే తాతా. నువ్వు చదివింది. ఎంత బాగా చదివేవో."

ఆయన మొహం విచ్చుకుంది. పుష్ప ఫోను తిరిగి కూతురి చేతిలో పెట్టి, స్టేషన్ వచ్చేదాకా రోడ్డు చూస్తూ కూర్చుంది.

*

ఎస్సై బిజయ్ చెడ్డవాడు కాదు. అదే కష్టమైంది. చెడ్డవాడైతే గొంతెత్తి అరవచ్చు. ఆయన లేచి నిలబడి, ఒడియావాళ్లు పెద్దవాళ్లని పిలిచినట్టు మౌసా అని పిలిచి, అసిరయ్యకి కుర్చీ జరిపాడు.

"కూర్చోండి మౌసా. నాదీ రాయగడే, తెలుగు వచ్చు. నీళ్లు తాగుతారా?"

బల్ల మీద ప్లాస్టిక్ కవరులో, నిన్న చర్చి నుంచి పట్టుకొచ్చిన జెండా ఉంది. దాని పక్కన ఒక నీలం ఫైలు. పైన శాంతిప్రియ పేరు. ఆ పిల్ల దాన్ని చూసి, చూడనట్టు కూర్చుంది. కామేష్, పాస్టర్ గారు ఇంకా రాలేదు.

"పేరు అసిరయ్య. చర్చి పెద్ద." ఎస్సై కాగితం చూస్తూ ఆగాడు. "ఇది మీ గ్రామదేవత పేరు కదా మౌసా. మార్చుకోలేదా?"

"మా యమ్మ ఎట్టిన పేరు బాబూ. ప్రభువు బుద్ధి మార్సుకోమన్నాడు గానీ మా యమ్మ ఎట్టిన పేరు మార్సుకోమన్నేదు. ఆ పేరుతోటే ఫౌజులోకి ఎల్లేను. ఆ పేరుతోటే పింఛను తింటన్నాను."

ఎస్సై నవ్వబోయి మానేశాడు. శాంతిప్రియ ఫోను ముందుకి జరిపింది. ఆయన వీడియో పెట్టి, వేలితో ముందుకి తోసేశాడు. "ప్రార్థన నాకొద్దమ్మా, జెండా దగ్గర్నుంచి చాలు," అని, ఆ ముక్క మట్టుకు చూసి ఫోను తిప్పి పెట్టాడు.

"ఫిర్యాదు ఇచ్చినవాళ్లు ఒకటే మాట అంటున్నారు మౌసా. కొత్తవాడు కడితే పొరపాటు. పదిహేడేళ్లు ఫౌజులో ఉన్న మనిషి కడితే అది పొరపాటు ఎలా అవుతుంది? నాకూ దానికి జవాబు దొరకడం లేదు. ఎవరైనా కట్టమన్నారా? పాస్టర్ ఏమైనా చెప్పారా?"

"ఎవులూ సెప్పలేదు."

పుష్ప లేచి నిలబడింది. తాడు సంగతి మొత్తం చెప్పేసింది. శుక్రవారం, మిషను, పిన్నీసు, బొందు. శాంతిప్రియ తల్లి వైపు కొయ్యబారిపోయి చూసింది. ఆ పిల్లకి ఇది తెలియదు.

ఎస్సై కవరులోంచి జెండా తీసి, తడిమి చూశాడు. కొయ్య ముక్క ఆకుపచ్చ వైపే ఉంది. చాలాసేపు దాన్ని వేళ్ల మధ్య తిప్పాడు.

"ఇది నిజమే అమ్మా. మీరు చెప్పింది రాస్తాను. కానీ ఒక్కటి చెప్పండి. మనిషి కొయ్య ముక్క చూసి కడతాడా, రంగు చూసి కడతాడా? ఇంత జెండా కళ్ల ముందుంది కదా." అసిరయ్య వైపు తిరిగాడు. "కట్టేటప్పుడు మీరు చూశారా, లేదా మౌసా? చూడలేదంటే ఒక దారి. చూసే కట్టారంటే ఇంక నా చేతుల్లో ఉండదు. ఆ ఫైలు కూడా నా చేతుల్లో ఉండదు."

పుష్ప మామగారినే చూస్తోంది. చెప్పు మావయ్యా. చూడలేదని ఒక్క మాట చెప్పు.

"నా కోడలి తప్పేటీ నేదు," అన్నాడు అసిరయ్య, వెన్ను నిటారుగా పెట్టి. "సూసే కట్టేను."

"తాతా," అంది శాంతిప్రియ.

ఎస్సై కలం మూత తీసి, ఇంకోసారి ఆయన మొహంలోకి చూసి, రాయడం మొదలుపెట్టాడు. ఫౌజు మనిషికి తెలిసేలా హిందీలోనే రాశాడు. రాస్తూ పైకి చదివాడు. నేను నా రెండు చేతులతో, నా కళ్లతో చూసి, జెండా కట్టాను. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు. నాలుగు వరసలు. అయ్యాక కాగితం బల్ల మీద నుంచి ఆయన వైపు జరిపాడు.

"నేను చదివాను కదా అని సంతకం పెట్టకండి. మీరు ఒకసారి చదువుకోండి. ఒక్క మాట తేడా ఉన్నా కొట్టేస్తాను. తొందరేం లేదు."

జరిపింది జరిపినట్టే, ఎస్సై వైపు నుంచి, కాగితం తలకిందులుగా ఆయన చేతిలోకి వచ్చింది.

అసిరయ్య దాన్ని రెండు చేతులతో గుండెల దాకా ఎత్తాడు. అచ్చం నిన్న ఎత్తినట్టే. మొదటి వరస మీద చూపు నిలిపి, ఎడమ నుంచి కుడికి తల కదిపాడు. రెండో వరస. మూడో వరస. మధ్యలో ఒకచోట ఆగి, అర్థం చేసుకున్నట్టు తలూపాడు కూడా.

శాంతిప్రియ చూసింది. తల్లి చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల గోళ్లు పుష్ప మణికట్టులో దిగాయి.

ఎస్సై ఇంకా చూడలేదు. తల వంచుకుని నీలం ఫైలు ముడి విప్పుతున్నాడు. ఇంకో రెండు క్షణాల్లో తలెత్తుతాడు, లేదా ముసలాయనే కలం అడుగుతాడు. సంతకం పడితే ఈ ఇంట్లో ఒకరి బతుకు కాదు, ఇద్దరివి అక్కడితో అయిపోతాయి. పొద్దున్న అరుగు మీద అన్న ఊఁ పుష్ప గొంతులో అలాగే ఉంది.

ఆమె కూతురి చెయ్యి విడిపించుకుంది. బల్ల చుట్టూ రెండడుగులు వేసి, మామగారి చేతుల్లోని కాగితాన్ని పట్టుకుని, పైది కిందికి వచ్చేలా తిప్పి, మళ్లీ ఆయన వేళ్ల మధ్య పెట్టింది.

ఎస్సై చెయ్యి ఫైలు తాడు మీద ఆగిపోయింది. ఆయన కాగితాన్ని చూశాడు, అసిరయ్య కళ్లని చూశాడు.

"ఎవలది?" అన్నాడు అసిరయ్య. "అమ్మివా?"

"కాదు మావయ్యా. నేనే."

ఆయన వేళ్లు కాగితం అంచుల వెంట మెల్లగా కదిలాయి. ఏం జరిగిందో ఆయనకి తెలియడం పుష్ప కళ్లారా చూసింది. కోపం వస్తుందనుకుంది. మాట తప్పావని అంటాడనుకుంది. ఆయన మొహం ఆమె వైపు తిరిగింది కానీ చూపు ఆమె భుజం పక్కనుంచి గోడకి పోయింది. కోపం లేదు. నిన్న జెండా చూసి జనం పడ్డ దిగ్భ్రమ, ఒక రోజు ఆలస్యంగా, ఇప్పుడు ఆ మొహంలోకి వచ్చింది.

"పుష్పా," అన్నాడు. ఇరవై రెండేళ్లలో ఆయన ఆమెని పేరుతో పిలవడం అదే మొదటిసారి. "నిన్న సెర్చి ముందు, జెండా కింద... గ్రంథం కూడా ఇలగే పట్టుకున్నానా?"